మక్క బెండ్ల బొగ్గు

మా అన్న కార్ఖానా మూసాపేటలో, మెట్రో స్టేషన్‌కు వెనక వైపున్న ఒక సందులో ఉండేది. రేకుల షెడ్డు, లోపల వరసగా తొట్లు, ఒక మూల మోటారు, పైన వాళ్లిల్లు. బండ్ల హ్యాండిళ్లు, నల్లాలు, ఆఫీసు కుర్చీల కాళ్లు మసిపట్టి వచ్చేవి, క్రోమ్ పూత వేయించుకుని అద్దాల్లా మెరుస్తూ పోయేవి. హైటెక్ సిటీలో నేను పనిచేసే ఆఫీసు చూడ్డానికి అన్న ఒకసారి వచ్చాడు. సెక్యూరిటీ వాళ్లు లోపలికి రానివ్వలేదు. గాజు తలుపు బయటే నిలబడి, లోపల వేసి ఉన్న కుర్చీలను చాలాసేపు చూశాడు.

"గా కాళ్లు మనయే చెల్లె" అన్నాడు.

నిజమో కాదో నాకు తెలియదు. కానీ ఆ తర్వాత ఎప్పుడు ఆ కుర్చీల్లో కూర్చున్నా చెయ్యి ఒకసారి కిందికి పోయి ఆ మెరుపును తడిమేది.

అమ్మానాయిన చిన్నప్పుడే పోయారు. అన్న బడి మానేసి, వేరేవాళ్ల కార్ఖానాలో పనికి కుదిరి, తర్వాత తనది పెట్టుకుని నన్ను చదివించాడు. ఇంట్లో అన్న ఎక్కడున్నాడో వెతకాల్సిన పని ఉండేది కాదు. ఊపిరి తీసుకుంటే ఆయన ముక్కులోంచి సన్నగా ఈల వినిపించేది. మెట్లెక్కుతుంటే ఈల, అన్నం తింటుంటే ఈల. నేను, వదిన దాన్ని ఎగతాళి చేసేవాళ్లం. ఆయనా నవ్వేవాడు. అప్పుడప్పుడూ ముక్కు నుంచి రక్తం కారేది. దస్తీ అడ్డం పెట్టుకుని తల వెనక్కి వాల్చి, కాసేపటికి మళ్లీ పనిలోకి దిగేవాడు. ఆ సందులో పూత పనిచేసే మగవాళ్లందరికీ అంతే. దాన్నొక జబ్బని ఎవరూ అనుకోలేదు.

యూనివర్సిటీలో పరిచయమైన మనిషిని పెళ్లి చేసుకుంటానని చెప్పినప్పుడు అన్న ఆయన్ని పిలిపించుకుని ఒక్కటే అడిగాడు. "మా చెల్లెతోని మంచిగ మాట్లాడ్తవా?"

"ప్రయత్నిస్తానండి" అన్నాడాయన. అన్న పగలబడి నవ్వాడు. పెళ్లి అయిపోయింది.

మా ఆయనది కాకినాడ దగ్గర పల్లె. కెమిస్ట్రీలో పరిశోధన చేశాడు. కొబ్బరి చిప్పలు, వేరుశనగ తొక్కలు, ఊక, ఇలా పొలం నుంచీ వంటింటి నుంచీ పారేసేవాటిని గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గుతో ఫ్యాక్టరీల మురికి నీళ్లు శుభ్రం చేయడం ఆయన చదువు. ఆ చదువుకు తగ్గ ఉద్యోగం ఎక్కడా దొరకలేదు. చివరికి కొండాపూర్ వైపు ఒక ఆఫీసులో మందుల కంపెనీల కాగితాలు సరిదిద్దే పనిలో చేరాడు. మణికొండలో ఒక ఫ్లాటు కిరాయికి తీసుకున్నాం. బొగ్గు మాట ఎత్తితే ఆయన మొహం వాడిపోయేది. అందుకని నేను ఎత్తేదాన్ని కాదు.

కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ తెరిచిన ఏడాది, ఒక ఆదివారం మధ్యాహ్నం అన్న ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. కింద షెడ్డు గుమ్మంలో దబ్బున నీళ్లు పడిన చప్పుడైంది. దిగి చూస్తే ఎదురింటి ముసలామె ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. గచ్చు మీద నీళ్లు పసుపు కలిపినట్టున్నాయి.

"మా బోరుల నీళ్లు గివి" అంది ఆమె. "మనవరాలికి తానం బోద్దామంటే గిట్లొచ్చినయ్. మీరే తాగున్రి ఇగ."

"నా ఒక్కనిదేనా అవ్వా కార్ఖానా? గీ సందుల ఎన్ని లేవు?" అన్నాడు అన్న.

"నువ్వు నా ఎదురుంగ ఉన్నవ్ బిడ్డా. నేను ఎవల్నడుగుతా?"

అంతకు ముందే కాలుష్యం ఆఫీసు నుంచి ఒక నోటీసు వచ్చి ఉంది. కార్ఖానా నీళ్లు మోరీలోకి వదలొద్దని అందులో రాశారు. పెద్ద ఫ్యాక్టరీల్లో పెట్టే శుద్ధి యంత్రాలు ఆ సందులో ఎవరికీ అందేవి కావు. నోటీసు వచ్చినప్పుడు కొన్నాళ్లు భయపడటం, తర్వాత మామూలుగా బతకడం అందరికీ అలవాటైపోయింది. ఆ రోజు అన్న చెయ్యి కడుక్కుని మళ్లీ అన్నం ముందు కూర్చోలేదు.

మా ఆయన మాత్రం ఒక సీసా అడిగి, పూత వేసిన సామాను కడిగే తొట్టిలోంచి నీళ్లు పట్టుకున్నాడు. స్కూటర్ మీద బోరబండ మీదుగా ఇంటికి వస్తుంటే దారంతా ఆ సీసా నా ఒళ్లో ఉంది.

వానాకాలం మొదలైంది. కొండాపూర్ రోడ్ల పక్కన కాల్చిన మొక్కజొన్న కంకుల బండ్లు వచ్చాయి. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ మెడలో ఆఫీసు బిళ్లలు వేసుకున్న కుర్రవాళ్లు గొడుగుల కింద నిలబడి కంకులు తినేసి, గింజలు పోగా మిగిలిన బెండ్లు అక్కడే పారేసి క్యాబులు ఎక్కేవాళ్లు. ఆ బెండ్ల కుప్ప దగ్గర మా ఆయన స్కూటర్ ఆపాడు.

"అమ్మా, ఇవి నేను తీసుకెళ్లొచ్చాండి?" అని బండి ఆమెను అడిగాడు.

"మక్క బెండ్లా? ఏం జేస్కుంటవ్ సార్, పొయ్యిలకా?"

"నీళ్లు కడగడానికండి."

"నీళ్లను ఎవలన్న కడుగుతరా సార్?" అని ఆమె విసనకర్ర ఆపేసి మరీ నవ్వింది. కానీ మర్నాటి నుంచి ఆయన కోసం బెండ్లన్నీ ఒక సంచిలో వేసి పెట్టేది.

మొదటి బొగ్గు మా వంటింట్లోనే చేశాడు. బెండ్ల ముక్కలు ఒక పాత డబ్బాలో కుక్కి, మూత బిగించి, గ్యాసు మీద పెట్టాడు. ఇల్లంతా పొగ నిండింది. పై ఫ్లాటు వాళ్లు పరుగున వచ్చి తలుపు బాదారు. డబ్బా తెరిస్తే బూడిద. మూత సరిగ్గా పట్టలేదు, లోపలికి గాలి పోయింది. మసి పట్టిన మొహంతో ఆయన ఆ బూడిదలో వేళ్లు పెట్టి కెలుకుతూ, "వస్తుందే, ఇంకొంచెం జాగ్రత్తగా చేస్తే వస్తుంది" అన్నాడు. పెళ్లైన తర్వాత ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం.

పని కార్ఖానా వెనక ఖాళీ జాగాలోకి మారింది. అన్న ఒక ఇనుప డ్రమ్ములో చిన్న డ్రమ్ము పట్టేలా వెల్డింగ్ చేయించాడు. లోపల బెండ్లు, చుట్టూ మంట. ప్రతి ఆదివారం ఇద్దరూ అక్కడే. బావ అని ఒకరినొకరు పిలుచుకుంటూ, ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతూ, రోజంతా ఏదో వాదించుకునేవాళ్లు.

"ఏంది బావా, రెండు చుక్కల ఆసిడ్ అంటవ్, మళ్ల సున్నం అంటవ్. కూర వండుతున్నవా?"

"అలాంటిదేనండి. నీళ్లు కొంచెం పుల్లగా ఉంటేనే బొగ్గు ఆ పసుపుని పట్టుకుంటుంది. తర్వాత సున్నం వేసి పులుపు విరిచెయ్యాలి. మిగిలింది అడుక్కి దిగిపోద్ది."

బొగ్గును నలగ్గొట్టి, జల్లించి, కడిగి, ఆరబెట్టి ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నింపారు. కింద ఇసుక, పైన గులకరాళ్లు. ఒక డ్రమ్ములోంచి ఇంకో డ్రమ్ములోకి నీళ్లు నెమ్మదిగా దిగేలా పైపులు పెట్టారు. చాలాసార్లు చెడింది. ఒకసారి బొగ్గు పొడి మరీ మెత్తగా అయి నీళ్లు దిగనే లేదు. ఒకసారి పైపు ఊడి అన్న చొక్కా అంతా నల్లబడింది. వదిన ఆ చొక్కాను ఉతకలేక పొయ్యి తుడిచే గుడ్డ చేసుకుంది.

నీళ్లు తేటగా వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. చివరి డ్రమ్ము నల్లా కింద అన్న గాజు గ్లాసు పట్టాడు. నిండాక ఆకాశం వైపు ఎత్తి చూశాడు. గ్లాసులోంచి ఎదురింటి గోడ, దాని మీద ఆరేసిన బట్టలు కనిపించాయి. సందులోకి నడిచి, ఎదురింటి ముసలామెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"సూడవ్వా."

ఆమె కళ్లు చికిలించి చూసింది. "మంచిగున్నయ్. మరి తాగి సూపియ్."

"తాగకూడదండీ" అని మా ఆయన కంగారుగా గ్లాసు లాక్కున్నాడు. "మళ్లీ సామాను కడుక్కోవడానికి పనికొస్తాయి. మోరీలోకి వదిలినా భయం లేదు. తాగడానికి మాత్రం కాదు."

"మరి నా బోరు?"

"అది నేలలో ఎప్పట్నుంచో పేరుకున్నదమ్మా. ఇప్పటి నుంచి కొత్తగా పోయేది ఆగుతుంది. పాతది పోవడానికి చాలా కాలం పడుతుంది."

"నేను ఉండంగ పోతదా?" అని అడిగింది ఆమె. మా ఆయన గ్లాసులో నీళ్లు తొట్టిలో పారబోశాడు. అయినా ఆమె అన్న తల నిమిరి వెళ్లింది. ఆ నిమిరిన చోటు అన్న చాలాసేపు చేత్తో పట్టుకునే కూర్చున్నాడు.

కాలుష్యం ఆఫీసు వాళ్లు వచ్చి నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయించారు. నోటీసు వెనక్కి పోయింది. పసుపును తాగి తాగి నిండిపోయిన బొగ్గును ఎప్పటికప్పుడు మార్చి, మూటలు కట్టి విడిగా దాచాలని, ఎక్కడ పడితే అక్కడ పారేయకూడదని మా ఆయన గట్టిగా చెప్పాడు. అన్న అలాగే చేశాడు. ఆ సంవత్సరమంతా మా ఆయన ఆఫీసు కాగితాల గురించి ఒక్కసారీ విసుక్కోలేదు. మా ఇంట్లో బాగా గడిచిన సంవత్సరం ఏదని ఎవరైనా అడిగితే నేను అదే చెబుతాను.

మరుసటి ఏడాది చలికాలంలో అన్నకు దగ్గు పట్టుకుంది. దగ్గితే దస్తీకి రక్తం అంటేది. ముక్కు రక్తమేనని ఆయన అన్నాడు, మేమూ అదే అనుకున్నాం. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న రక్తం కదా. ఆయన బాగా చిక్కిపోయి, మెట్ల మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టాక వదిన ఏడ్చి దవాఖానకు లాక్కెళ్లింది. నేను, మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి వెంట వెళ్లాం.

పరీక్ష చేసిన డాక్టరమ్మది నా వయసే ఉంటుంది. లైటు వేసి ముక్కులోకి చూసింది. మళ్లీ రెండో వైపు నుంచి చూసింది.

"ముక్కు మధ్య గోడలో ఈ రంధ్రం ఎప్పటి నుంచి ఉంది?"

"యాదికి లేదు మేడం. శాన ఏండ్లయింది. నొప్పేం లేదు. ఈల వస్తదంతే."

"ఏం పని చేస్తారు మీరు?"

"క్రోమ్ కోటింగ్."

ఆమె రాయడం ఆపేసింది. "తొట్టి మీద ఆవిరి లాగే ఫ్యాను ఉందా?"

"కిటికీ ఉంది మేడం" అన్నాడు అన్న.

నేను మా ఆయన వైపు చూశాను. డాక్టరమ్మ ఇంకా ఏదో అడుగుతోంది గానీ ఆయనకు వినబడుతున్నట్టు లేదు.

ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని తర్వాత తేలింది. అప్పటికే ముదిరిపోయింది. పూత వేస్తున్నప్పుడు తొట్టిలో బుడగలు పగిలి, కంటికి కనబడని సన్నటి తుంపర పైకి లేస్తుంది. నీళ్లను పసుపు చేసే ఆ క్రోమే అందులోనూ ఉంటుంది. ఆ తొట్టి మీదికి వంగి అన్న తన వయసంతా గడిపాడు. ముక్కు లోపలి గోడను తినేసింది అదే. ఊపిరితిత్తుల జబ్బుకూ అదే కారణం అయి ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది. మేము నవ్వుకున్న ఈల ఆ రంధ్రంలోంచి వచ్చింది.

ఇంటికొచ్చాక మా ఆయన బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.

"నీళ్లు పసుపుగా ఉన్నాయి. అందుకని నీళ్లే చూశాను" అన్నాడు. "ప్రతి ఆదివారం ఆయన పక్కనే నిలబడ్డాను. ఆ గాలే నేనూ పీల్చాను. ఆ ఈల విన్నాను. నేను చదివిన పుస్తకాల్లోనే ఉంది ఇదంతా."

"మీరు రాకముందు నుంచే ఉన్నదది" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత ఆ సంగతి నాతో మాట్లాడలేదు.

అన్నతో మాట్లాడాడు. దవాఖానలో కిటికీ పక్క మంచం. నేను గంజి తాగిస్తుంటే వచ్చి కాళ్ల దగ్గర నిలబడి, "బావగారూ, నన్ను క్షమించండి" అన్నాడు.

అన్న చేత్తో రమ్మని సైగ చేసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఊపిరి అందడం లేదు, ముక్కలు ముక్కలుగా మాట్లాడాడు.

"నోటీసుల ఏం రాసిన్రు బావా? నీళ్లని రాసిన్రు. నువ్వు నీళ్లు సాఫ్ జేసినవ్. ఎదురింటి అవ్వ నా తల మీద చెయ్యి వెట్టింది. గంతకంటే నాకేం గావాలె?"

"గాలి సంగతి నాకు తెలిసుండాలి కదండీ."

"పని చేసేటోన్ని నాకే తెల్వలే. నువ్వు జర పరేషాన్ గాకు. వానలు వడితే కంకుల బండ్లొస్తయ్. బెండ్లు తెచ్చుడు మర్వకు. బొగ్గు అయిపోవచ్చింది."

వానలు పడక ముందే అన్న పోయాడు. ఉదయం వేళ, వదిన ఆయన మొహం తుడుస్తుండగా. ఆ గదిలో ఈల ఆగిపోవడం అందరికంటే ముందు ఆమెకే తెలిసింది. ఏడవలేదు. తడి గుడ్డను మడిచి మంచం అంచున పెట్టి, "ఇగ లేడు" అంది.

దినం అయ్యాక కార్ఖానా ఏం చేయాలన్న మాట వచ్చింది. అన్న దగ్గర కుదిరిన పనివాళ్లు ఇద్దరున్నారు, గిరాకీ ఉంది, నీళ్ల గొడవ లేదు. నడపొచ్చని చుట్టాలు అన్నారు. వదిన అందరూ చెప్పింది విని, లేచి నిలబడింది.

"ఆ ఇద్దరికీ ఇండ్లల్ల ఆడోళ్లున్నరు. ఇంకో ఆడదాని బతుకు నాలెక్క గావొద్దు. బంద్ జేస్తున్న" అంది.

పనివాళ్లిద్దర్నీ మా ఆయన దవాఖానకు తీసుకెళ్లి పరీక్షలు చేయించాడు. ఒకతని ముక్కులో అప్పుడే పుండు మొదలై ఉంది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు. ఇద్దరూ వేరే పనులకు పోయారు. తొట్లు అమ్ముడుపోయాయి. దాచి ఉంచిన బొగ్గు మూటలు మాత్రం ఎవరికీ అక్కర్లేదు, అవి ఊరికే పడేసేవి కావు. ఊరి బయట ప్రమాదకరమైన చెత్తను పూడ్చే చోటికి లారీ మాట్లాడి, మా ఆయనే ఎక్కించాడు. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఒక్కో మూట మోస్తుంటే, బావతో కలిసి కాల్చిన ఆదివారాలన్నీ లారీ ఎక్కిపోతున్నట్టు నాకనిపించింది. వదిన ఆ సందు విడిచి మా ఫ్లాటుకు దగ్గర్లో గది తీసుకుంది. మణికొండలో ఇద్దరు ముగ్గురు ఉద్యోగస్థుల ఇళ్లకు వంట చేయడానికి పోతుంది. మూసాపేట పేరెత్తితే లేచి వెళ్లిపోయేది.

ఆ సందులోనే ఇంకో కార్ఖానా నడిపే ఆయన ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. అన్నకు స్నేహితుడే. ఆయనకూ నోటీసు వచ్చిందట. ఆ డ్రమ్ములు, బొగ్గు చేసే పద్ధతి తనకు కావాలన్నాడు.

"ఇస్తానండి" అన్నాడు మా ఆయన. "కానీ ముందు తొట్టి మీద ఆవిరి లాగే ఫ్యాను పెట్టించండి. తర్వాతే డ్రమ్ములు."

"నోటీసు నీళ్లకొచ్చింది సార్. గాలికి రాలే గదా."

"గాలికి రాదండి. మా బావగారికీ రాలేదు."

ఆయన చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఫోను చేయలేదు. మా ఆయన ఎదురుచూశాడు. పైకి అనలేదు గానీ ఫోను మోగినప్పుడల్లా పేరు చూసి కింద పెట్టేవాడు. వానలు మొదలయ్యాయి. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు స్కూటర్ మీద బెండ్ల సంచి ఉండేది. అవి బాల్కనీలో ఒక మూల ఆరుతుండేవి. ఎందుకని నేను అడగలేదు.

వదిన వాటిని చూసింది. ఒక మధ్యాహ్నం నాకు కూడా చెప్పకుండా బస్సెక్కి మూసాపేట వెళ్లింది. తర్వాత ఆమే చెప్పింది. ఆ కార్ఖానా ఆయన దగ్గరికి కాదు, ఆయన భార్య దగ్గరికి వెళ్లిందట.

"ఏం చెప్పినవ్ వదినా?"

"ఏం జెప్త? 'మీ ఆయినె పడుకుంటే ముక్కు ఈల గొడ్తదా' అని అడిగిన. 'కొడ్తది, నవ్వొస్తది' అన్నది. ఇగ గాడ కూసొని అంత జెప్పిన."

కొన్నాళ్లకు ఆ కార్ఖానా ఆయనే ఫోను చేశాడు. తొట్టి మీద రేకు గొట్టం, ఫ్యాను పెట్టించానని, వచ్చి చూడమని. ఆదివారం పొద్దున మా ఆయన డ్రమ్ములు, బొగ్గు సంచులు ఆటో ట్రాలీలో వేసుకుని వెళ్లాడు. నన్ను రావద్దన్నాడు. వదిన మాతో పాటే అన్నం తిందామని వచ్చి, వంట చేసి కూర్చుంది.

ఆయన సాయంత్రానికి వచ్చాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. కడుక్కోలేదు. బాల్కనీలో కింద కూర్చున్నాడు.

"పని చేస్తోందా బొగ్గు?" అన్నాను.

"చేస్తోంది."

"ఫ్యాను?"

"తొట్టి మీద అగరొత్తి వెలిగించి పట్టుకున్నాను, లాగుతుందో లేదో చూద్దామని. పొగంతా గొట్టంలోకి పోయింది. ఇటు ఒక్క పోగైనా రాలేదు" అన్నాడు. "ఒక రేకు గొట్టమేనే. ఒక ఫ్యాను. బెండ్లు కాల్చక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. ఒక్కరోజు పని."

అంతవరకూ, దవాఖానలో గానీ శ్మశానంలో గానీ, ఆయన ఏడవడం నేను చూడలేదు. అప్పుడు ఏడ్చాడు. మసి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, పక్క ఫ్లాటు వాళ్లకు వినబడుతుందన్న ధ్యాస లేకుండా. నాకేం చేయాలో తోచలేదు. వదిన లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు కూర్చుంది. ఒక చెయ్యి పట్టుకుని దాని మీద నీళ్లు పోస్తూ, వేళ్ల సందుల్లో మసి తన బొటనవేలితో రుద్ది రుద్ది తీసింది.

"లే తమ్మీ" అంది. "అన్నం సల్లగయితది."